చిన్న పడవమీద కెమేరా

గోదావరి ధవళేశ్వరము దాటిన పిదప పాయలుగా చీలి సముద్రమును చేరును. ఒకవైపున గౌతమి, మరియొకవైపున వసిష్ఠ, నడుమ వైనతేయము. ఈ పాయలకును బంగాళాఖాతమునకును మధ్యనున్న పచ్చని నేలయే కోనసీమ. అమలాపురమునకు చేరువనున్న ఉప్పలగుప్తము ఈ సీమలో సముద్రపుటంచు కలిగిన మండలములలో ఒకటి. వాసాలతిప్ప, సూరసానియానాము వంటి గ్రామములు ఆ మండలమున కడలికి దగ్గరగా నున్నవి. ఇచ్చటివారికి నీరు వింత కాదు. కాలువ, ఉప్పుటేరు, చేపల చెరువు, నదీమొగ, కడలి, ఇవన్నియు వారి నిత్యజీవితములోనివే.

ఇట్టి సీమలో పడవ ఎంత ప్రాచీనమో వేరుగా చెప్పనక్కరలేదు. ఛాయాచిత్రకళకు కూడ నూట ఎనుబది ఏండ్లు దాటినవి. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. పడవను చూపు చిత్రములు చాల కలవు. పడవలో కూర్చున్నవాడు చూచు దృశ్యమును చూపు పాతచిత్రములు ఇంత తక్కువగా ఏల యున్నవి? పూర్వపు చిత్రములను తిరుగవేసి చూచినచో జాలరి తరచుగా దూరమున ఒక నల్లని నీడవలె కనబడును. అతడు త్రాడును వ్రేళ్ళకు చుట్టుకొను తీరుగాని, కెరట మెదురైనపుడు నడుము వంచు తీరుగాని మనకు కనబడదు. చిత్రకారుడు గట్టున నిలిచియుండుటయే దీనికి ముఖ్యకారణము. కెమేరా గట్టు విడిచి, ఒంటరి మనిషి కూర్చుండు చిన్న పడవలోనికి దిగుటకు ఒక శతాబ్దమునకు పైగా పట్టినది. ఆ ప్రయాణమును గూర్చియు, నేడు గాలము వేయు చిన్ననావపై కెమేరాను బిగించువారు దానినుండి గ్రహింపవలసిన విషయములను గూర్చియు ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మొదట పడవను గూర్చి చెప్పవలెను. గోదావరీ కృష్ణా డెల్టాల పాయలలోను, కొల్లేటిలోను తాటిదోనె చిరకాలముగా వాడుకలో నున్నది. తాటిమాను మొదలు లావుగా ఉబ్బియుండును. ఆ భాగమును తొలిచి, ఒకరో యిద్దరో కూర్చుండునట్లు చేసినచో దోనె సిద్ధమగును. అది తేలిక, లోతులేని నీటిలో కూడ పోగలదు, తెడ్డుతోనో గడతోనో నడుపవచ్చును. అయితే వెడల్పు తక్కువగుటచేత అలవాటు లేనివాడు అందులో లేచి నిలిచినచో క్షణములో బోల్తాపడును. ఈ లోపమును సవరించుటకు మన పూర్వులు రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టిరి. దానినే సంగడి యనిరి. ఒంటి దోనెపై నిలువలేని బరువును జోడు దోనెలపై నిశ్చింతగా దాటింపవచ్చును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథమున మన తూర్పుతీరపు ఓడలను పేర్కొనుచు, దుంగలను జతచేసి కట్టిన పెద్ద నావలకు సంగర యను పేరు చెప్పినాడు. పండితులు ఆ పేరును మన సంగడితోను, మలయాళ దేశపు చంగాడముతోను పోల్చుచుందురు. మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవల రూపములను గూర్చి ప్రచురించిన గ్రంథమున ఇట్టి నాటునావలు శాస్త్రీయ పరిశీలనకు పాత్రములైనవి.

మన తాటిదోనెకు దూరదేశమున ఒక చుట్టము కలదు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ జాతివారు సన్నని చట్రముపై సీలు చర్మమును బిగించి ఒంటరివాని కొరకు చేసికొన్న వేట నావయే కయాకు. మానులు దుర్లభమైన ఆ మంచుదేశమున నీటికి కొట్టుకొనివచ్చిన కొయ్య, ఎముక, చర్మము, ఇవియే వారికి సామగ్రి. కూర్చున్నవాని నడుముచుట్టు నావను మూసివేయుటచేత చల్లని నీరు లోపలికి రాదు. 1907లో జర్మనీలో యోహాన్ క్లెప్పరు మడిచి సంచిలో పెట్టుకొనదగిన కయాకులను అమ్మకమునకు తెచ్చుటతో ఈ వేటనావ విహారనావ యైనది. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో ప్లాస్టికుతో పోతపోసి, పైన కూర్చుండునట్లు చేసిన కయాకులు వచ్చినవి. వీనిలో గాలము వేసి చేపలు పట్టుట పలుదేశములందు వేడుకగా వ్యాపించినది. మన దేశమున కూడ ఈ వేడుకకు అలవాటుపడినవారు కొందరు కలరు. దోనెకును కయాకునకును సామాన్యగుణ మొక్కటి: మనిషి నీటికి జానెడు ఎత్తున మాత్రమే కూర్చుండును. నీటిని అంత దగ్గరగా చూచు స్థానము మరియొకటి లేదు. కెమేరాకు అంత అపాయకరమైన స్థానమును మరియొకటి లేదు.

ఆ అపాయములు మూడు. మొదటిది కుదుపు. రెండవది ఉప్పునీరు. మూడవది జారి మునిగిపోవుట. నీటిపై కెమేరా చరిత్రయంతయు ఈ మూటితో జరిగిన పోరాటమే.

ఫ్రాన్సు దేశమున డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానము లోకమునకు ప్రకటింపబడినది 1839లో. కోనసీమ ప్రాంతమువారికి ఆ సంవత్సరము మరియొక విధముగా జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేడు నవంబరు నెలలోనే గౌతమి ఆవలియొడ్డున నున్న కోరంగి రేవును తుఫాను ఉప్పెన ముంచివేసినది. ఓడల నిర్మాణమునకు పేరుపడిన ఆ రేవు మరల పూర్వపు స్థితికి రాలేదు. అంతకు పూర్వము 1789లో కూడ ఆ రేవు ఉప్పెన పాలైనదే. కోరంగి ఓడలు ఎట్లుండెనో, వాని పై నిలిచి చూచినవారికి తీరమెట్లు కనబడెనో చూపు ఛాయాచిత్రము మనకు దొరకుట అసంభవము. కెమేరా పుట్టిన యేటనే ఆ రేవు పోయినది. నీటియంచున నివసించువారి వస్తువులు ఎంత త్వరగా నశించునో, వానిని చిత్రించుట ఎంత ఆలస్యమైనదో ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో బోధపడును.

తొలినాటి కెమేరాలు పడవ నెక్కకపోవుట ఆశ్చర్యము కాదు. 1851లో ఇంగ్లండున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడిపలక విధానమును ప్రకటించెను. గాజుపలకపై కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి చిత్రము తీసి, వెంటనే చీకటిగదిలో రసాయనములతో కడుగవలెను. పలకకు వెలుగు చూపు కాలము క్షణములలో కొలువవలసినదే. అంతసేపు కెమేరా రవ్వంతయు కదలరాదు. వేడిదేశములలో పలక మరింత త్వరగా ఆరిపోవును. మూడుకాళ్ళ పీట, గాజుపలకలు, సీసాలు, చీకటి గుడారము, ఇన్నిటిని మోయుచు, క్షణమైనను నిలువని దోనెలో ఈ పని చేయుట ఎట్లు? కాబట్టి చిత్రకారుడు గట్టుననే నిలిచెను. పడవ యంచితే కదలక నిలుచువరకు వేచియుండెను.

అయినను సాహసించిన వారు లేకపోలేదు. 1856లో విలియం థామ్సన్ అనునతడు ఇంగ్లండు దక్షిణతీరమందలి వేమౌత్ వద్ద ఒక మిత్రునితో చిన్న పడవలో బయలుదేరి, గాజు కిటికీ గల కొయ్యపెట్టెలో కెమేరాను అమర్చి, సుమారు మూడు బారల లోతునకు దింపెను. పెట్టె ముందున్న తలుపును పైనుండి త్రాటితో లాగి తెరచి, పదినిమిషములు వేచియుండెను. పెట్టెలోనికి నీరు చొరబడినది. అయినను పలకమీద సముద్రగర్భపు రాళ్ళును నాచును మసకగా అచ్చుపడినవి. సముద్రపు నీటిలో తీసిన తొలిచిత్రముగా దీనిని చెప్పుదురు. ఇందులో గమనింపదగిన విషయమేమన, కుదుపు సమస్యను అతడు నీటి అడుగున తప్పించుకొన్నాడు. ఏలనన అడుగున కెరటము లేదు. నీరు చొరబడు సమస్యను మాత్రము తప్పించుకొనలేకపోయినాడు.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పూసిన పొడిపలకను ప్రతిపాదించుటతో చీకటిగుడారము మోయు బాధ క్రమముగా తప్పినది. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమేరాను విక్రయమునకు తెచ్చెను. దానిలో నూరు చిత్రములకు సరిపడు ఫిలిము చుట్ట యుండెను. మీట నొక్కుట తప్ప కొనినవానికి వేరు పని లేదు. చేతిలో పట్టుకొనదగిన కెమేరా వచ్చినది గనుక మనిషి శరీరమే దానికి పీట యైనది. ఇది చిన్న మార్పు కాదు. పడవ ఒరిగినపుడు కొయ్యపీట దానితోపాటు ఒరుగును. మనిషి మాత్రము నడుము వంచి, భుజము నిలిపి, తలను నిటారుగా ఉంచుకొనును. కుదుపునకు విరుగుడు గట్టిగా బిగించుటలో మాత్రమే లేదని, కదలికను మధ్యలో మ్రింగివేయు మెత్తదనములో కూడ కలదని ఇచ్చట తెలియవలెను.

ఉప్పునీటి సమస్య పరిష్కారమునకు ఇంకను చాలకాలము పట్టినది. ఫ్రాన్సు దేశపు దక్షిణతీరమున బాన్యుల్స్ అను రేవులో లూయీ బూతాన్ అను జీవశాస్త్రజ్ఞుడు 1893లో తన సోదరుని సాయముతో లోహపు పెట్టెలో కెమేరా నమర్చి నీటిలో చిత్రములు తీసెను. లోతు పెరిగినకొలది నీటి ఒత్తిడి పెరిగి పెట్టె సందులగుండ నీరు చొచ్చును. దీనికి అతడు గాలితో నిండిన రబ్బరు తిత్తి నొకదానిని పెట్టెకు చేర్చెను. బయటి ఒత్తిడికి తిత్తి నొక్కుకొని లోపలికి గాలిని పంపును. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సరిపోవును. తరువాత డెన్మార్కున జన్మించి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1937లో ఒక రబ్బరు వలయమునకు పేటెంటు కోరి, 1939లో దానిని పొందెను. గాడిలో కూర్చుండి, మూత బిగించినపుడు కొంచెము నొక్కుకొని, సందును పూర్తిగా మూయు ఆ గుండ్రని వలయమే నేటికిని నీరు సోకని కెమేరాల కన్నిటికి ప్రాణము. జాక్ కూస్తో ప్రోత్సాహమున బెల్జియము దేశీయుడైన జాన్ ద వూటర్స్ రూపొందించిన నీటి కెమేరాను 1963లో జపానులోని నికాన్ సంస్థ నికొనోస్ అను పేర విక్రయమునకు తెచ్చెను. పెట్టెలో దాచవలసిన అవసరము లేకుండ, తానే పెట్టెయైన కెమేరా అది.

ఇక కయాకు కెమేరా కంట పడిన ప్రసిద్ధఘట్టము నొకదానిని స్మరింపవలెను. రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా దేశపు ఉత్తరభాగమున ఇన్యుయిట్ జనుల నడుమ నివసించి తీసిన నానూక్ ఆఫ్ ది నార్త్ అను చలనచిత్రము 1922లో విడుదలయ్యెను. ఆ మంచుదేశమున నూనె గడ్డకట్టి యంత్రము నిలిచిపోవునని, నూనెకు బదులు గ్రాఫైటు పొడితో నడుచు ఏక్లీ కెమేరాలను అతడు ఎన్నుకొనెను. కయాకు ఒడ్డునకు చేరుట, దానిలోనుండి ఒకరి తరువాత ఒకరుగా కుటుంబమువారందరు బయటికి వచ్చుట ఆ చిత్రమున చూపరులను నవ్వించు దృశ్యము. అది చిత్రము కొరకు ఏర్పరచినదే. కెమేరా ఎదురుగా నిలిచి చూచినది, కయాకులో కూర్చుండలేదు. వేటగాడు నీటినుండి ఏమి చూచెనో ఆ చిత్రము చెప్పలేదు.

మన గోదావరి విషయమున కూడ ఇట్లే జరిగినది. 1964లో విడుదలయైన మూగమనసులు చిత్రమున ఆదుర్తి సుబ్బారావు గోదావరిని, పడవ నడుపు గోపి కథను తెలుగు ప్రేక్షకుల మనసులలో నిలిపెను. 1967లో బాపు తన తొలిచిత్రమైన సాక్షిని పులిదిండి గ్రామమున తీసెను; ఆ గ్రామము నేడు కోనసీమ జిల్లాలో నున్నది. అందలి నాయకుడు బల్లకట్టు నడుపువాడు. 1973లో అందాల రాముడు చిత్రమున కథ యంతయు గోదావరిపై పడవప్రయాణముగా సాగినది. వెండితెరపై గోదావరి ఇంత అందముగా కనబడుటకు ఈ చిత్రములు కారణములు. అయితే ఆనాటి సినిమా కెమేరా బరువైనది. పీటను, కెమేరాను, దానిని త్రిప్పువానిని, వెలుగును మరల్చు పలకలను మోయుటకు వెడల్పైన నావయో, గట్టో, బల్లకట్టో కావలెను. బల్లకట్టు నీటిపై స్థిరముగా నుండుట సంగడి సూత్రమే: అడుగు వెడల్పైనచో ఊగు తగ్గును. ఒంటరి దోనెలోని జాలరి చూపు మాత్రము అప్పటికిని తెర కెక్కలేదు.

ఆ చూపు తెర కెక్కినది కెమేరా అరచేతిలో ఇమిడిన తరువాతనే. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన నిక్ వుడ్‌మన్ కెరటములపై పలకతో జారు క్రీడాకారుడు. ఆ క్రీడలో తనను తాను చిత్రించుకొనుటకు తగిన సాధనము లేదని తలచి 2002లో గోప్రో సంస్థను స్థాపించెను. 2004లో వచ్చిన దాని మొదటి కెమేరా ఫిలిముతో పనిచేయునది. ముంజేతికి పట్టీతో కట్టుకొనునది. తరువాత డిజిటలు రూపము దాల్చి, పెట్టెలో భద్రపడి, పడవకును, శిరస్త్రాణమునకును, వక్షస్థలమునకును తగిలింపదగినదైనది. లోపలి సూక్ష్మయంత్రములు ఒరుగును కొలిచి చిత్రమును సవరించును. ఈ విధమున కుదుపు, నీరు అను శత్రువులు రెండు బలహీనపడినవి. మూడవ శత్రువు, అనగా జారి మునుగుట, పూర్వమెట్లున్నదో ఇప్పుడును అట్లే యున్నది. పైగా వస్తువు చిన్నదగుటచేత మరింత సులభముగా జారును.

ఇంతవరకు చరిత్ర. ఇక పాయలలోగాని, ఉప్పుటేటిలోగాని, చిన్ననావపై గాలము వేయుచు కెమేరా బిగింపదలచినవారికి ఈ చరిత్ర నేర్పుపాఠములను క్రమముగా చెప్పుదుము.

మొదటి పాఠము స్థానమును గూర్చి. కెమేరాను పొడవైన కర్రపై నెత్తినచో దృశ్యము విశాలముగా కనబడును; కాని ఊగు పెరుగును. నావ 10 డిగ్రీలు ఒరిగినపుడు మీటరు ఎత్తుననున్న కెమేరా సుమారు 17 సెంటీమీటర్లు ప్రక్కకు కదలును. 30 సెంటీమీటర్ల ఎత్తుననున్నది 5 సెంటీమీటర్లు మాత్రమే కదలును. ఒరుగు కోణము రెండింట సమానమే యైనను, దూరము తగ్గుటచేత బిగింపుపై పడు బలము తగ్గును. చూచువారి కన్నులకును శ్రమ తగ్గును. కాబట్టి ఒకటి నావ ముందుభాగమున తక్కువ ఎత్తున, కూర్చున్నవానివైపు తిప్పి పెట్టుట మేలు. అతని చేతులు, ముఖము, చేప నీటినుండి లేచు క్షణము, మూడును కనబడును. జాలరి చూపు కావలెనన్నచో రొమ్ముపై పట్టీతో కట్టుట మంచిది. మనిషి నడుము కుదుపును మ్రింగునని పైన చెప్పితిమి గదా.

రెండవ పాఠము బిగింపును గూర్చి. కీళ్ళు ఎన్ని యెక్కువైన అన్ని వదులు. పొట్టి చేయి, ఒక్క కీలు, వెడల్పైన అడుగు ఉన్న బిగింపు శ్రేష్ఠము. ప్లాస్టికు పలకకు మర బిగించినపుడు వెనుకవైపున ఒక పలకను చేర్చినచో లాగుడు ఒక్కచోట పడక విస్తరించును. గాలి పీల్చి అతుకుకొను రబ్బరు గిన్నెలు ఉప్పు, ఇసుక, ఎండ తగులగా పట్టు విడుచును. వానిని మాత్రమే నమ్మరాదు. తెడ్డు తిరుగు దారికిని, గాలము వెనుకకు విసరు దారికిని కెమేరా అడ్డు రాకూడదు. గాలము దానికి తగులుకొన్నచో చేపయు పోవును, కెమేరాయు పోవును.

మూడవ పాఠము త్రాడును గూర్చి. దీనిని మన జాలరులకు నేర్పనక్కరలేదు. పడవలో వదులుగా నుండు వస్తువు నీటిపాలగునని వారికి తెలియును. వలను తేల్చుటకు జీలుగుబెండు కట్టుట మన పల్లెలలో పరంపరగా వచ్చినది. అదే ఉపాయము ఇచ్చటను పనికివచ్చును. కెమేరాకు ఒక బెండు కట్టవలెను. అది నిజముగా తేలునో లేదో తొట్టిలో పరీక్షింపవలెను. ఆపై కెమేరాను బిగింపునకు సంబంధము లేని వేరొక త్రాటితో నావకు కట్టవలెను. బిగింపు విరిగినను త్రాడు నిలుచును. ఆ త్రాడు పొట్టిదిగా నుండవలెను. దానిని నావకే కట్టవలెనుగాని, మెడకు, నడుమునకు, కాలికి ఎన్నడును కట్టరాదు. నావ బోల్తాపడినపుడు మనిషిని నావకు బంధించు త్రాడు ప్రాణాంతకము.

నాలుగవ పాఠము ఉప్పును గూర్చి. సముద్రతీరపు ఇండ్లలో కిటికీ చువ్వలు, గొళ్ళెములు ఎంత త్వరగా తుప్పు పట్టునో మనము చూచుచునే యుందుము. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల ఉప్పు కరగియుండును. అట్టి నీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. బ్యాటరీ గల యంత్రములోనికి ప్రవేశించినచో లోహపు సంధులను వేగముగా తినివేయును. నీరు సోకదని చెప్పు చేతిఫోనులకు ఇచ్చు ఐపి 68 వంటి గుర్తులు మంచినీటిలో జరిపిన పరీక్షలను బట్టి ఇచ్చునవని తెలిసికొనవలెను. అవి ఉప్పునీటికి అభయపత్రములు కావు. కెమేరా పెట్టెలోని రబ్బరు వలయముపై ఒక ఇసుకరేణువో, ఒక వెండ్రుకయో, ఎండిన ఒక ఉప్పుపలుకో మిగిలినను నీటికి దారి ఏర్పడును. నావ నెక్కుటకు ముందు ఆ వలయమును శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడిచి, వెలుతురులో పరిశీలించి మూయవలెను. నీటిపై నున్నపుడు మూత తెరువరాదు. ఇంటికి వచ్చిన తరువాత మూసియున్న పెట్టెను పది పదునైదు నిమిషములు మంచినీటిలో ఉంచి, మీటలను నొక్కి, ఉప్పు కరగిపోయిన పిదప నీడలో ఆరబెట్టవలెను. ఉప్పు ఎండి గట్టిపడక ముందే ఈ పని జరుగవలెను.

లోపలికి నీరు వెళ్ళినచో చేయవలసినది మరియొకటి. వెంటనే ఆపివేసి, బ్యాటరీని తీయదగినదైనచో తీసివేయవలెను. మరల నడుచునో లేదో అని మీట నొక్కి చూడరాదు. బియ్యపు డబ్బాలో దాచుట మన ఇండ్లలో అలవాటు. కాని బియ్యపు పొడి సందులలోనికి చేరి మరింత చెరుపు చేయును. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములు మేలు. ఆ పొట్లమునే ముందుగా పెట్టెలో ఉంచినచో కటకమునకు పొగమంచు పట్టుట కూడ తగ్గును. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. చల్లబరచిన గదిలోనుండి కెమేరాను ఒక్కసారిగా బయటికి తెచ్చినచో, చల్లని తువ్వాలుపై ఆవిరి చేరినట్లు, అద్దముపై తేమ చేరును. అరగంట ముందుగా బయటి గాలికి అలవాటు చేయవలెను. కటకముపై పడిన తుంపరను తువ్వాలు కొసతో తుడిచినచో అందలి ఉప్పు, ఇసుక గీతలు పెట్టును. పొడిసంచిలో ఒక మెత్తని గుడ్డను, చిన్న సీసాలో మంచినీటిని ఉంచుకొనుట అలవాటు చేసికొనవలెను.

ఐదవ పాఠము అన్నిటికన్న ముఖ్యము. చిత్రము తీయుట కొరకు నావ నెక్కరాదు. నావ నడుప నేర్చినవాడు చిత్రము తీయవలెను. తేలుడు కోటు తొడుగనిదే కెమేరా మీట నొక్కరాదు. గోదావరి వరదకాలమున పాయలలో చిన్ననావను దింపరాదు. నదీమొగ వద్ద ప్రవాహము, పోటు, ఇసుకతిన్నెలపై విరుగు కెరటము ఒకచోట కలియును. అచ్చటి దారి యేటేట మారును. ఆ సంగతి స్థానిక జాలరులకు తెలిసినట్లు ఏ పటమునకు తెలియదు. వారి నడిగి పోవలెను; వారు వద్దన్న నాడు మానవలెను. బోల్తాపడిన నావపైకి మరల ఎక్కవలసిన ప్రక్క ఏదో ముందే నిర్ణయించుకొని, ఆ ప్రక్కన కెమేరాగాని, కర్రగాని, త్రాడుగాని లేకుండ చూచుకొనవలెను. కెమేరా పోయినచో మరియొకటి కొనవచ్చును.

ఈ జాగ్రత్తలన్నియు ఒక చేప ఫోటో కొరకా యని ఎవరైన అడుగవచ్చును. గాలమునకు చిక్కిన పండుగప్పను మిత్రులకు చూపి మెప్పుపొందుట ముచ్చటయే. అంతమాత్రమే యైనచో ఇంత చెప్పనక్కరలేదు. కాని విషయ మంతకన్న పెద్దది. మన కన్నుల ముందే తీరము మారుచున్నది. కొన్నిచోట్ల కడలి నేలను కోయుచున్నది; కొన్నిచోట్ల ఇసుక మేట వేయుచున్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుఫాను కొబ్బరితోటలను నేలగూల్చి, వేయిమందికి పైగా జనుల ప్రాణములను బలిగొన్నది. అట్టి ఉపద్రవమునకు ముందు ఒక మొగ ఎట్లుండెను, ఒక తిప్ప ఎంత దూరము చొచ్చుకొనియుండెను, మడచెట్లు ఎచ్చటివరకు నిలిచియుండెను, అను ప్రశ్నలు తరువాత వచ్చును. తేదీతో కూడిన చిత్రము, ఒకేచోటనుండి ఏటేట తీసినది, ఆ ప్రశ్నలకు సాక్ష్యము చెప్పగలదు. ఆకాశమునుండి ఉపగ్రహము తీరరేఖను చూపును. గట్టు కోసుకొనిపోయి వ్రేళ్ళు బయటపడిన చెట్టును నీటిమట్టమునుండి చూపగలిగినది చిన్ననావయే.

పడవల సంగతి కూడ అట్టిదే. కొయ్యనావల స్థానమును ఫైబరు నావలు ఆక్రమించినవి. దీనిలో జాలరికి లాభము కలదు గనుక ఆక్షేపింపదగినది కాదు. కాని తాటిమానును తొలుచు నేర్పు, దోనెను జతకట్టు ముడి, తెడ్డు వేయు లయ, ఇవి గ్రంథములలో వ్రాసిపెట్టినవి కావు. చేతినుండి చేతికి వచ్చినవి. చేయి మానినచో అవి పోవును. హార్నెల్ వంటి పరిశీలకులు బయటినుండి వచ్చి చూచి వ్రాసిరి. వారికి మనము కృతజ్ఞులము. నేడు నావలోనివాడే చూపగల సాధనము నావలోనికి వచ్చినది. పెద్దవయసు జాలరి యొకడు తన మనుమనికి ముడి వేయుట నేర్పుచుండగా, రొమ్ముపై కట్టిన చిన్న కెమేరా ఆ వ్రేళ్ళ కదలికను పట్టగలదు. అయితే అతని అనుమతి పొంది తీయవలెను. తీసినదానిని మొదట అతనికి చూపవలెను. అతని పనికి అడ్డు రాకూడదు. గట్టుమీది చిత్రకారునికి అతడు నీడవలె కనబడెను. నావలోని చిత్రకారునికి అతడు గురువుగా కనబడవలెను.

1839లో కోరంగి పోయినపుడు చిత్రించుటకు సాధనము లేకుండెను. నేడు ఉప్పలగుప్తము తీరమున ఆ మాట చెప్పుటకు వీలులేదు. సాధనము అరచేతిలో కలదు. దానిని గట్టిగా బిగించి, వేరొక త్రాటితో కట్టి, బెండు తగిలించి, మంచినీట కడిగి కాపాడుకొన్నచో ఈ సీమ జలజీవనము రాబోవు తరమువారికి దూరపు నీడగా గాక, దగ్గరి దృశ్యముగా మిగులును. అట్టి చిత్రములను తీసినవారు వానిపై తేదీయు, స్థలమును, నావ పేరును వ్రాసి ఇంట భద్రపరచవలెనని మా విన్నపము.